అన్న వాకిట్లో శుక్రవారాలు

గొందిపుట్టు, అరకులోయ మండలం
ఫిబ్రవరి 20

చెల్లి సోనికి,

మీ అప్ప రత్న రాయునది. యేసు మరియ జోజప్పల దీవెన నీ మీద ఉండాలి. ఇక్కడ మేం బాగున్నాం. ఈ రోజు సంత కాబట్టి అరకు పోస్టాఫీసులో ఉత్తరం వేద్దామని పొద్దున్నే రాస్తున్నాను. మన ఊళ్ళో ఫోను సిగ్నల్ ఇంకా రాలేదు. వచ్చినా నొవీషియేట్‌లో సిస్టర్ శిక్షణ అయ్యేదాకా నీ చేతికి ఫోను ఇవ్వరు కదా, ఇదే మనకి మంచిది.

కాఫీ పళ్ళ కోత అయిపోయింది. ఇప్పుడు మిరియాలు. మీ బావ చెట్టెక్కితే నేను కింద నిచ్చెన పట్టుకుంటున్నాను. ఊళ్ళో ప్రార్థనలు నడిపే ఉపదేశి కదా, చెట్టు మీద కూడా కీర్తనలే.

తపస్సు కాలం మొదలయ్యే విభూది బుధవారం ఫాదర్ గారు మన గుడికి వచ్చారు. నుదుట బూడిద రాసి ప్రసంగంలో ఒక మాట అన్నారు. మాంసం మానడం మీకు కష్టమేం కాదమ్మా, మీరు నెలకి ఎన్నిసార్లు తింటారు గనక, మీకు నిజంగా బరువైంది ఏదో ఒకటి ఎంచుకోండి అన్నారు. నేను టీ మానేశాను. రెండు రోజులకే తల పగిలిపోతోంది. మీ బావ నా ముందు కూర్చుని చప్పుడు చేస్తూ తాగుతున్నాడు.

ఏప్రిల్ పద్దెనిమిదిన సిస్టర్‌గా నువ్వు ప్రమాణం చేసే మొదటి మాటపట్టు అని మదర్ గారి కబురు అందింది. అమ్మ ఉంటే ఎంత సంబరపడేదో. మేమంతా వస్తాం. అన్న నిన్ను అడిగాడు. ఆరోగ్యం జాగ్రత్త అని చెప్పమన్నాడు.

నీ అప్ప,
రత్న


నొవీషియేట్, కురుపాం
ఫిబ్రవరి 27

ప్రియమైన అప్పకి,

నీ ఉత్తరం వంటింట్లో నిలబడే చదివేశాను. నువ్వు టీ మానేశావని చెప్తే ఇక్కడ ఎవరూ నమ్మలేదు. నేనైతే ఏమీ మానలేదు. ఒకటి మొదలెట్టాను. నాతోపాటు మాటపట్టు తీసుకోబోయే రమ్య అని ఒక అమ్మాయి ఉంది. విజయనగరం పిల్ల. నేను కడిగిన గిన్నెలు మళ్ళీ కడుగుతుంది. ఆ పిల్ల పక్కనే కూర్చుని రోజూ జపమాల చెప్పుకుంటున్నాను. మొదటి మూడు రోజులూ పళ్ళు నూరుకుంటూ చెప్పాను. ఇప్పుడు కొంచెం నయం.

అసలు సంగతి ఇది. మాటపట్టు రోజు పూజ మొదట్లో, ఇంటిపెద్ద అమ్మాయి పక్కన నడిచి ఆమెని బలిపీఠం దాకా తీసుకురావాలట. ఆ పేరు రాయమని మదర్ కాగితం ఇచ్చారు. నేను ఆలోచించనే లేదు, తొందరలో ఇంటిపేరు కూడా తప్పు రాసి కొట్టేసి, 'అన్న భీముడు' అని రాశాను. అమ్మా నాన్నా పోయాక నాకు అన్నం పెట్టి పెంచింది ఆయనే కదా.

ఊరి దేవతకి పూజారిగా ఉన్నవాడు గుడిలోకి వస్తాడా అని మదర్ అడిగారు. ఆయన ఇచ్చిన పెళ్ళిమాట కాదని వచ్చేశాను, అయినా మా అన్న నన్ను క్షమించాడు, ప్రతి ఉత్తరంలోనూ దీవెన పంపిస్తాడు, తప్పకుండా వస్తాడు అని చెప్పాను. అది నిజంగా నాకు పెద్ద బలం అప్పా. నువ్వు రాసిన ఆయన మాటలన్నీ ఒక నోటుబుక్కులో ఎత్తి రాసుకున్నాను.

ఈసారి ఆయన చేతే ఒక్క మాట చెప్పించి, చిన్నమ్మి చేత రాయించి పంపు. మేనకోడలి రాతలో అన్న మాట చూడాలని ఉంది.

నీ సోని


గొందిపుట్టు
మార్చి 6

సోనికి,

నీ ఉత్తరం అందింది. మిరియాలు సగం ఎండాయి. మధ్యలో ఒకరోజు మబ్బు పట్టింది గానీ వాన పడలేదు. టీ లేకుండా పదిహేను రోజులు గడిచాయి, తలనొప్పి తగ్గింది. గుడి రేకు ఒకటి గాలికి లేచిపోతే మీ బావ మేకులు కొట్టాడు. శుక్రవారం సాయంత్రాలు సిలువ మార్గం ప్రార్థనకి ముప్పైమంది దాకా వస్తున్నారు. చిన్నమ్మి పదో తరగతి పరీక్షలకి చదువుకుంటోంది, దాన్ని కదపలేను.

అన్నకి ఊరి దేవతకి చేసే ఇటుకల పండగ పనులు ఉన్నాయి.

రమ్యతో జపమాల మానకు.

రత్న


కురుపాం
మార్చి 11

అప్పా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. అందులో మిరియాలున్నాయి, రేకులున్నాయి. అన్న గురించి ఒక్క ముక్కే ఉంది. నువ్వు నన్ను పెంచినదానివి కాకపోతే నాకు తెలిసేది కాదేమో. నువ్వు ఏదైనా దాస్తే నీ మాటలు పొట్టిగా అయిపోతాయి.

అన్నకి ఒంట్లో బాలేదా? ఉన్నదున్నట్టు రాయి. నేను చిన్నపిల్లని కాను.

సోని


గొందిపుట్టు
మార్చి 15

సోనీ,

నిన్న అరకు వెళ్ళి నా తప్పు ఒప్పుకుని పాపసంకీర్తనం చేశాను. ఫాదర్ గారు అంతా విని, దేవుడు క్షమించాడమ్మా, కానీ ఎవరికి అబద్ధం చెప్పావో వాళ్ళకి నిజం చెప్పేదాకా నీకు మనశ్శాంతి ఉండదు అన్నారు. అందుకే రాస్తున్నాను. కూర్చుని చదువు.

అన్నకి ఒంట్లో బాగానే ఉంది. కానీ మూడేళ్ళుగా అన్న నాతో మాట్లాడటం లేదు. నువ్వు కాన్వెంటుకి వెళ్ళిపోయిన రోజు సాయంత్రం మా వాకిట్లోకి వచ్చాడు. వదిన తమ్ముడు ధర్మకి నిన్ను ఇస్తానని నలుగురిలో మాటిచ్చాను, నా మాట మట్టిలో కలిపారు, దాన్ని పంపింది నువ్వే, ఇక నువ్వూ నాకు చెల్లివి కావు, అదీ కాదు అన్నాడు. అంతే. ఆ తర్వాత ఎప్పుడూ వాగు దాటి ఇటు రాలేదు. మేము ఎదురొస్తే పక్కదారిన పోతాడు.

నేను రాసినవన్నీ, అన్న అడిగాడనీ దీవించాడనీ, నా సొంత మాటలే. నువ్వు అక్కడ కొత్తలో ఏడుస్తున్నావని సిస్టర్ గారు చెప్పారు. ఒక్క అబద్ధంతో నువ్వు కుదుటపడతావనుకున్నాను. తర్వాత రెండోది, మూడోది. క్రిస్మస్‌కి ఇంటికి వస్తానంటే దారి తెగిపోయిందని రాశాను గుర్తుందా? దారి బాగానే ఉంది. నువ్వు వస్తే బయటపడిపోతుందని భయం. మీ బావ రెండుసార్లు వద్దని చెప్పాడు. ఊళ్ళో ప్రార్థన నడిపించే ఇంట్లో ఇదేంటి అన్నాడు. వినలేదు.

టీ సంగతి కూడా సగం నిజమే. టీ మానిన మాట నిజం. కానీ నేను ఎంచుకున్న బరువు అది కాదు. ప్రతి శుక్రవారం సిలువ మార్గం అయ్యాక వాగు దాటి అన్న వాకిట్లో నిలబడాలని అనుకున్నాను. ఏమీ అడగకూడదు, బాగున్నావా అని పలకరించి వచ్చేయాలి.

మొదటి శుక్రవారం అన్న అరుగు మీద తాడు పేనుతున్నాడు. నన్ను చూసి తాడు అక్కడే వదిలేసి లోపలికి పోయాడు. రెండో శుక్రవారం వదిన చీపురు తీసుకుని, పొద్దున ఊడ్చిన వాకిలే మళ్ళీ ఊడ్చింది. దుమ్ము నా కాళ్ళ దాకా వచ్చింది. మూడోసారి ఇంట్లో ఎవరూ లేరు. తలుపుకి చెప్పి వచ్చాను. ఆ రోజు నాకు ఎంత హాయిగా అనిపించిందో చెప్తే సిగ్గు. మొన్న నాలుగో శుక్రవారం అన్న వెనక్కి తిరక్కుండానే "ఏటి పని?" అన్నాడు. పనేం లేదు, చూసిపోదామని వచ్చానన్నాను. "చూసావు కదా, ఎల్లు" అన్నాడు.

మూడేళ్ళకి అది నాతో అన్న మొదటి మాట. దారంతా ఏడుస్తూ వచ్చాను. కానీ అది దుఃఖం కాదు.

మాటపట్టుకి అన్న రాడు. కాగితం మీద ఆయన పేరు కొట్టెయ్యి. నీ నోటుబుక్కు సంగతి చదివాక నాలుగు రోజులు నాకు అన్నం దిగలేదు. నన్ను క్షమించమని అడగడానికి కూడా మొహం చెల్లడం లేదు.

రత్న


కురుపాం
మార్చి 21

అప్పా,

నీ ఉత్తరం అందింది. మొదట నీ మీద కోపం వచ్చింది. నోటుబుక్కు పొయ్యిలో పెడదామని వంటింటి దాకా తీసుకెళ్ళాను. రమ్య నా మొహం చూసి ఏమీ అడక్కుండా, నా వంతు కూరగాయలు కూడా తనే తరిగేసింది. గిన్నెలు మాత్రం మళ్ళీ కడిగింది.

మూడో రోజు మదర్ దగ్గరకి వెళ్ళి అంతా చెప్పాను. ఇది తెలిశాక నేను మాటపట్టు తీసుకోవచ్చా, వాయిదా వేయాలా అని అడిగాను. ఆమె నన్ను ఒకటే అడిగారు. "నువ్వు వచ్చింది మీ అన్న దీవెన చూసుకునా, ప్రభువు పిలిచాడనా?" ప్రభువు పిలిచాడనే వచ్చాను. కానీ వచ్చిన తీరు మాత్రం మంచిది కాదు.

అది నేనూ నీకు ఎప్పుడూ చెప్పలేదు. కాన్వెంటుకి బయల్దేరిన రోజు పొద్దున అన్నకి చెప్పే వెళ్తున్నానని నీతో అన్నాను. చెప్పలేదు. ఆయన సంతకి బయల్దేరేదాకా పశువుల పాక వెనక దాక్కున్నాను. సంత నుంచి నాకోసం జాకెట్టు గుడ్డ తెస్తానని వెళ్ళాడు. ఎదురుగా నిలబడి పెళ్ళి వద్దని చెప్తే ఆయన కోప్పడేవాడు, కొట్టేవాడు కూడానేమో, కానీ నా నోటితో విని ఉండేవాడు. నేను ఇంట్లోంచి దొంగలా వచ్చాను అప్పా. ఆయన కోపం నీ మీద పడింది. నీ అబద్ధాలకి మొదలు నా పిరికితనమే.

క్షమించమని నువ్వు అడగక్కర్లేదు. మనిద్దరం చెరి సగం.

దీనిలోనే వేరే కాగితం పెట్టాను, అన్నకి. నా తప్పేంటో రాసి క్షమాపణ అడిగాను. రమ్మని పిలవలేదు. పిలిస్తే ఆ క్షమాపణ బేరంలా ఉంటుంది. చిన్నమ్మి చేత చదివించు.

కాగితం మీద అన్న పేరు కొట్టెయ్యలేదు. మదర్ ఉంచమన్నారు.

నీ సోని


గొందిపుట్టు
మార్చి 28

నా బంగారు సోనికి,

ఎక్కడ మొదలెట్టాలో తెలియడం లేదు. వరసగానే రాస్తాను.

ఐదో శుక్రవారం నేను వెళ్ళినప్పుడు అన్న లోపలికి పోలేదు, మాట్లాడనూ లేదు. బుధవారం నీ ఉత్తరం వచ్చింది. చిన్నమ్మి పరీక్ష రాసి వస్తుంటే దారిలో ఆపి, మీ నాన్నకి చదివి వినిపించమని నీ కాగితం ఇచ్చాను. గురువారం పరుగెత్తుకుంటూ వచ్చి చెప్పింది. ఒకసారి చదివిందట. మళ్ళీ చదవమన్నాడట. పశువుల పాక దగ్గర మూడోసారి చదవమన్నాడట. తర్వాత కత్తి పట్టుకుని కాఫీ తోటలోకి పోయి చీకటి పడేదాకా రాలేదట.

నిన్న శుక్రవారం. ఇటుకల పండగ మొదలై ఊరంతా డప్పులు. ఈ గోలలో ఎలా వెళ్తానా అనుకుంటూ, సిలువ మార్గానికి ముందు వంట చేసేద్దామని పొయ్యి దగ్గర ఉన్నాను. వాకిట్లో దగ్గు వినిపించింది. అన్న. చేతిలో అడ్డాకుల పొట్లం.

పొట్లం నా చేతిలో పెట్టి "మేకమాంసం, వండు, ఇక్కడే తింతాను" అన్నాడు. మీ బావ పీట వేశాడు. దేవత ముందు పెట్టిందైతే మేం తినం కదా, అదేమో అని నాకు ఒక అనుమానం. అడగలేదు గానీ అన్న నా మొహం కనిపెట్టాడు. "అమ్మోరికి సూపించింది కాదులే. నీ వాటా ముందే తీసి పక్కన పెట్టాను. నాకు తెల్దేటి మీ కట్టుబాటు" అన్నాడు.

ఇంత ఆలోచించి తెచ్చినవాడికి శుక్రవారం సంగతి గుర్తులేదు. తపస్సు కాలంలో శుక్రవారం మాంసం ముట్టమని ఎలా చెప్పను? మూడేళ్ళ తర్వాత గడప తొక్కాడు. వద్దంటే లేచి పోతాడేమో. తింటే దేవుడు కోప్పడతాడా, మా అన్న వచ్చాడని సంతోషిస్తాడా? మీ బావ వైపు చూశాను. ఆయన చూరు వైపు చూశాడు.

అబద్ధాలు చాలనిపించింది. చెప్పేశాను. అన్నా, ఈ రోజు మాకు శుక్రవారం, నీకు వండి పెడతాను, నీ పక్కన కూర్చుంటాను, నా ముక్క ఆదివారం తింటాను, కోపం తెచ్చుకోకు అన్నాను.

అన్న పీట మీంచి లేవలేదు. నేను గబగబా కంచం తెచ్చి, ఇది తింటూ ఉండు, ఈలోగా కూర వండుతానని అన్నం, పప్పు వడ్డించాను. అన్న పప్పు వేలితో కదిపి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఇందులో మామిడికాయ ఏసావేటి?"

వేశాను సోనీ. కొత్త మామిడి పండగ చేసి దేవతకి పెట్టేదాకా పూజారి మామిడికాయ ముట్టడని, మన నాన్న కూడా ముట్టేవాడు కాదని నాకు తెలియదా? మర్చిపోయాను. నా మొహం ఎలా అయిపోయిందో ఏమో, అన్న భుజాలు కదలడం మొదలయ్యాయి. ఏడుస్తున్నాడనుకున్నాను. నవ్వుతున్నాడు. మీ బావ కూడా మొదలెట్టాడు. ముగ్గురం అలా నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నాం.

"నీకూ నోరు కట్టుకునే రోజే, నాకూ అదే. ఉన్నదేటో అది ఎట్టు" అన్నాడు. రాగులతో కాచిన చోడి అంబలి ఉంది. ఉప్పు మిరపకాయ నంజుకుని ముగ్గురం అదే తాగాం. మాంసానికి ఉప్పు రాసి పొయ్యి మీద కట్టాను.

వెళ్ళేటప్పుడు వాకిట్లో నిలబడి, పాక ఎనకాల దాక్కుందంట, ఆ రోజు పాకలోకి నేను రెండుసార్లు ఎల్లాను, ఒక్క అడుగేస్తే కనిపించేది అన్నాడు. మళ్ళీ, ఆ రోజు నేనూ సెయ్యెత్తేవాణ్ణేమో, దాక్కోడమే మంచిదయింది అన్నాడు. నీ మాటపట్టు ఊసు ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఇవి అన్న మాటలే. ఒక్కటి కూడా నేను కలపలేదు.

నీ అప్ప


గొందిపుట్టు
ఏప్రిల్ 12

సోనీ,

ఈస్టరు పాస్కా పండుగ బాగా జరిగింది. టీ తాగాను. అంత రుచిగా లేదు.

నీకు కష్టం కలిగే మాట ఒకటి. వదినకి మలేరియా. ఐదు రోజులుగా వణుకుతోంది. ఇంట్లో చిన్నమ్మి ఒక్కత్తే చెయ్యలేకపోతోందని నేను అక్కడే ఉంటున్నాను. ఇప్పుడు నయమే గానీ లేచి నిలబడలేదు. నిన్న జావ తాగిస్తుంటే ఉన్నట్టుండి, ఆ రోజు దుమ్ము కావాలనే నీ మీద పోశాను అంది. తెలుసు, నోరు తెరువు, తాగు అన్నాను. ధర్మకి నిరుడు పెళ్ళయి బిడ్డ కూడా పుట్టిందట. ఇంకా మనసులో ఎందుకు పెట్టుకుంటాను అంది.

వచ్చే శనివారానికి ఆమె కోలుకోదు. మీ బావకి ఆ రోజు రెండు ఊళ్ళలో ప్రార్థనలు. నా చెల్లెలి మాటపట్టు నేను చూడకపోవడమా అని నిన్న చాలాసేపు గుడిలో కూర్చున్నాను. కానీ ఈ మనిషిని వదిలి వచ్చి అక్కడ పాట పాడితే నా గొంతు లేవదు. నువ్వు అర్థం చేసుకుంటావు.

నేను రాలేనని అన్నకి చెప్పాను. కురుపాం బస్సు ఎక్కడ మారాలో అడిగాడు. వస్తానని మాత్రం అనలేదు. అందుకని నేనూ వస్తాడని రాయడం లేదు.

నీ అప్ప


కురుపాం
ఏప్రిల్ 19

ప్రియమైన అప్పకి,

సిస్టర్ సోని రాస్తోంది. అలా రాయాలని రెండు రోజులుగా సరదాగా ఉంది.

అన్న వచ్చాడు.

ముందురోజు మధ్యాహ్నం నేను తోటలో నీళ్ళు పోస్తున్నాను. గేటు దగ్గర ఎవరో తెల్ల పంచె, భుజాన సంచి. లోపలికి రాడు, వెనక్కి పోడు. చేతిలో బకెట్టు ఎక్కడ పడేశానో నాకు తెలియదు. దగ్గరకి వెళ్ళి వంగి అన్న కాళ్ళు పట్టుకున్నాను. లేపి, నెత్తి మీద చెయ్యి పెట్టి, సన్నబడ్డావు అన్నాడు. అంతే అప్పా. మూడేళ్ళ సంగతి అంతలోనే అయిపోయింది. నా గుండెల మీంచి ఎవరో మూట దించినట్టుంది. రాత్రి ఎప్పుడు నిద్రపోయానో తెలియదు, పొద్దున గంట కొట్టేదాకా మెలకువ రాలేదు.

పూజకి ముందు మదర్ వచ్చి, మా దేవుడికి మొక్కమని మేం అడగం, అమ్మాయి పక్కన నడిస్తే చాలు అని చెప్పారు. నడిచాడు. చెప్పులు విడిచి, నా మోచెయ్యి పట్టుకుని, వాగు దాటిస్తున్నట్టు జాగ్రత్తగా నడిపించాడు. బలిపీఠం దగ్గర నన్ను వదిలి మొదటి బెంచీ పక్కన నిలబడ్డాడు. అందరూ మోకరించినప్పుడు చేతులు కట్టుకుని నిలబడే ఉన్నాడు. నేను మాటపట్టు చదువుతుంటే గొంతు వణకలేదు. రమ్యకి వణికింది. పక్కనుండి నేనే కాగితం పట్టుకున్నాను.

నీకు చెప్పాలనుకున్నది ఆ తర్వాత జరిగింది. వరండాలో అందరూ లడ్డూలు తింటున్నారు. అన్న నన్ను పిలిచి మదర్ దగ్గరకి తీసుకెళ్ళాడు. నా కుడిచెయ్యి పట్టుకుని ఆమె చేతిలో పెట్టాడు. ఏం చేస్తున్నాడో నాకు అప్పుడు అర్థమయింది. పెళ్ళయితే అత్తవారికి చేసే అప్పగింతలు. మదర్‌కీ అర్థమయింది. ఆమె తన రెండో చెయ్యి కూడా పైన వేశారు.

"అమ్మా, మాకు తల్లీ తండ్రీ లేరు. ఈ గుంటని నేను, మా రత్న పెంచాం" అన్నాడు. "దీనికి సలి పడదు. కోపమొత్తే కూడు మానేస్తది, మీరే బతిమాలి పెట్టాలి. పనిలో మాత్రం వంక పెట్టలేరు. ఇంక మీ పిల్ల."

మదర్ కళ్ళ నిండా నీళ్ళు. "మా పిల్లలాగే చూసుకుంటాం నాయనా. మే నెలలో పది రోజులు పుట్టింటికి పంపిస్తాం" అన్నారు.

అన్న తల ఊపాడు. తర్వాత లడ్డూ తీసుకుని, గోడకి ఆనుకుని, నెమ్మదిగా మొత్తం తిన్నాడు. ఇంకొకటి అడిగి పుచ్చుకుని వదిన కోసం పంచె కొంగున కట్టుకున్నాడు.

మే పదకొండున బయల్దేరుతున్నాను. బస్సు దగ్గరకి ఎవరు వస్తారో నువ్వూ అన్నా తేల్చుకోండి.

నీ చెల్లి,
సిస్టర్ సోని